మగ పురుగు కుడివైపు ముల్లు

ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే నాకు ఒళ్లు మండుతుంది. వయసు మీద పడితే కోపం చల్లారుతుందని చాలామంది చెప్పారు. నాకు చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోనూ లేదు.

అప్పట్లో నేను కర్నూలులో ఒక కాలేజీలో జంతుశాస్త్రం డిమాన్‌స్ట్రేటర్‌ని. పిల్లల చేత కప్పను కోయించడం, బొద్దింక నోటి భాగాలు విడదీయించడం, వాళ్లు గీసిన బొమ్మల కింద సంతకం పెట్టడం నా ఉద్యోగం. డిపార్ట్‌మెంటు మొత్తానికి ఆడదాన్ని నేనొక్కదాన్నే. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఎక్కడ చూసినా డేరాలు, జీపులు, ఖద్దరు టోపీలు. ఊళ్లో గది దొరకాలంటే కనీసం ఒక ఎమ్మెల్యేకి చుట్టమై ఉండాలి. నేను ఏ ఎమ్మెల్యేకీ ఏమీ కాను కాబట్టి కల్లూరులో ఒక ముసలమ్మ ఇంటి వసారా గదిలో ఉంటూ, రోజూ కాలేజీకి నడిచి వచ్చేదాన్ని.

మాది కడప జిల్లా, కమలాపురం దగ్గర పల్లె. మా నాయనకు రెండెకరాల మెట్ట, మా ఊరి చర్చిలో గంట కొట్టే పని. మా అమ్మ వరిమళ్లలో కలుపు తీయడానికి పోయేది. మిషన్ హాస్టల్లో పెట్టి చదివిస్తే నేను టీచరమ్మనో నర్సమ్మనో అవుతానని వాళ్లు అనుకున్నారు. పురుగుల వెంట పడతానని ఎవరూ అనుకోలేదు.

నేను పట్టుకున్న పురుగులు మరీ చిన్నవి. బియ్యపు గింజలో సగం ఉంటాయి. గోధుమరంగు ఒళ్లు, దాని నిండా సన్నని నూగు, మెత్తటి పెంకు. నీళ్లు ఊరి ఆకులు కుళ్లే జౌకు నేలల్లో, తుంగ మొదళ్లలో పెరుగుతాయి. జౌకు పెంకుపురుగులని పిలుచుకుందాం. ఆ మాట వినగానే అందరూ నవ్వేవారు. తాగే నీళ్లకే దిక్కులేని సీమలో జౌకు ఎక్కడిదని. ఉంది. కడప కాలువ కట్ట వెంట నడిచినవాళ్లకు తెలుసు, కట్ట కారిన చోటల్లా తుంగా జమ్మూ నడుమెత్తు లేచి ఉంటాయి. మహానంది కోనేళ్ల నుంచి బయటికి పారే నీళ్లు ఏ ఎండాకాలమూ ఆగవు. మా ఊరి పక్క పాపాఘ్ని ఒడ్డున కూడా ఊటగుంటలు ఉన్నాయి. చుట్టూ ఎండి బీటలు వారిన నేల, మధ్యలో ఈ తడి ముక్కలు విడివిడిగా. ఒక తడిలో పుట్టిన పురుగు ఇంకో తడికి చేరలేదు. అందుకని ఒక్కో తడిలో ఒక్కో రకం ఉంటుందేమోనని నాకు అనుమానం వచ్చింది. నీళ్లు పుష్కలంగా ఉన్న కోస్తాలో కూర్చున్నవాళ్లకు ఈ అనుమానం రాదు. సీమదాన్ని కాబట్టి నాకు వచ్చింది.

పట్టే పద్ధతి తేలికే. తెల్లగుడ్డ వేయించిన గొడుగును తెరిచి, తలకిందులుగా తుంగ కింద పెట్టి, పైనుంచి కర్రతో తట్టాలి. రాలిన పురుగుల్ని గాజు గొట్టంలోకి నోటితో పీల్చుకోవాలి. గొట్టం మధ్యలో గుడ్డ అడ్డం కట్టి ఉంటుంది, లేకపోతే పురుగులు నేరుగా కడుపులోకే పోతాయి. మహానందిలో నేను గుడి లోపలికి పోలేదు, బయట నీళ్లు పారే చోటే పని చేసుకుంటున్నాను. మొక్కు తీర్చుకుని వస్తున్న ఒక పెద్దాయన నన్ను చూసి ఆగిపోయాడు.

"ఏమ్మా, ఇంత ఎండలో గొడుగు నెత్తిన పెట్టుకోకుండా గడ్డి కింద పెట్నావేంది?"

"పురుగులు పడతాండానప్పా."

"మందుకా?"

"కాదప్పా. ఎన్ని రకాలుండాయో చూసేదానికి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "చదువుకున్నోళ్లకు శానా తీరిక ఉండాదిలే" అని, తన దారిన తాను పోయాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. తెలియక అడిగాడు, తెలిసినంతలో జవాబు చెప్పుకున్నాడు.

మా అమ్మ మాత్రం వేరే మాట అంది. సెలవులకు పోయినప్పుడు నా గొట్టంలోని పురుగుల్ని వెలుగుకు పెట్టి చూసి, "ఏందిమే ఇది, మేం కలుపు తీస్తాంటే కంట్లో పడే పురుగు గదా. దీనికి పేరుండాదా?" అని అడిగింది.

"ఇంకా లేదుమా."

"అయితే నువ్వు పెట్టు. ఎవురో ఒకరు పెట్టల్ల గదా."

పెట్టడం అంత సులువు కాదు. ప్రజాతి అంటే ఇంటిపేరు, జాతి అంటే మనిషి పేరు అనుకోండి. ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లలో దగ్గరి దాయాదుల్ని ఒక చోట చేరుస్తాం, అదే జాతుల గుంపు. ఏ పురుగు ఏ గుంపుదో తేలితే తప్ప పేరు పెట్టి ప్రయోజనం లేదు. కానీ ఈ పురుగులన్నీ బయటికి ఒక్కలాగే ఉంటాయి. రంగును నమ్మి మొదటి ఏడాదంతా పెట్టెలు సర్దాను. ఒకే తల్లి పిల్లలు నల్లగానూ ఎర్రగానూ పుడతారని తెలిసి రెండో ఏడాదంతా ఆ పెట్టెలు మళ్లీ సర్దాను. చివరికి తేలిందేమిటంటే, ఈ ప్రజాతిలో నిజం చెప్పేది ఒక్కటే. మగ పురుగు కడుపు చివర, లోపల దాగి ఉండే జననాంగం. కడుపు కొసను సూదితో తీసి, క్షారం నీళ్లలో స్పిరిటు దీపం మీద కాచి, కండ కరిగిపోయాక మిగిలిన గట్టి భాగాన్ని గాజు పలక మీద అంటించి, మైక్రోస్కోపు కింద పెట్టాలి. అప్పుడు కనిపిస్తుంది.

నాకు మూడు గుంపులు కనిపించాయి. కాలువ కట్ట పురుగులకు ఆ అంగం పట్టకారు లాగా ఉంది, రెండు కాళ్లూ సమానం. మహానంది పురుగులకు ఆ పట్టకారు కుడి కాలు మీద ఒక ముల్లు ఉంది, ఎడమ కాలు నున్నగా ఉంది. పాపాఘ్ని ఒడ్డు పురుగులకు కుడి కాలు పొట్టిగా కొడవలిలా వంగి ఉంది, ఎడమది నిటారుగా ఉంది. ఇరవై మగ పురుగుల్ని చూశాను. ముప్పై చూశాను. ముల్లు ఎప్పుడూ కుడివైపే. నా అనుమానం నిజమైందని తెలిసిన ఆ పూట నేను కూర్చున్నచోట కూర్చోలేకపోయాను. ఎవరికైనా చెప్పాలి. లాబ్‌లో అటెండరు తప్ప ఎవరూ లేరు. "కుడి పక్క ముల్లుండాది!" అని అతనికే చెప్పాను. "గుచ్చుకున్నిందామ్మా?" అని పరుగెత్తుకొచ్చాడు పాపం.

వ్యాసం రాశాను. మూడు గుంపులకు మూడు బొమ్మల పలకలు గీశాను. ఒక్కో పలకకు నెల పట్టింది. పత్రికకు పంపాలంటే మా హెడ్డు సంతకం కావాలి. ఆయన పెద్ద రైతు కుటుంబం నుంచి వచ్చినాయన. అన్నదమ్ములు రాజకీయాల్లో ఉన్నారు. చెడ్డవాడని చెప్పను. పురుగుల కోసం తిరగడానికి సెలవు అడిగితే ఎన్నడూ కాదనలేదు. అందుకే ఆ రోజు జరిగింది నాకు ఇంకా మింగుడు పడదు.

వ్యాసం పుటలు తిప్పుతూ మొదటి పలక దగ్గరికి వచ్చాడు. పలక అడుగున రాసిన వివరం చదివాడు. చదవగానే పలకను బోర్లా పెట్టేశాడు. రెండోది, మూడోది తిప్పనే లేదు.

"ఏందమ్మా ఇది?"

"మగ పురుగు జననాంగం సార్. దాన్ని బట్టే గుంపులు."

"అది నాకు తెలుసులే. గీసింది నువ్వేనా?"

"నేనే సార్."

"చూడమ్మా, పెండ్లి కావాల్సిన పిల్లవి. రేపు అచ్చులో నీ పేరు కింద ఈ బొమ్మలా? చూసినోళ్లు ఏమనుకుంటారు? డిపార్ట్‌మెంటుకు నగుబాటు గాదా?"

"మగకప్పది బోర్డు మీద నేనే గీస్తాండా గదా సార్. యాభై మంది మగపిల్లల ముందర."

"అది సిలబస్సులో ఉండాది."

ఇంత పెద్ద మనిషి ఇంత మాట ఎలా అనగలిగాడో నాకు ఈనాటికీ తెలియదు. కప్పకు లేని సిగ్గు పురుగుకు ఎక్కడి నుంచి వచ్చింది? నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ నోరు తెరవలేదు. నాది ఏటేటా పొడిగించే ఉద్యోగం. ఆయన సంతకం లేకపోతే వ్యాసమూ లేదు, మరుసటి ఏడు నేనూ లేను.

ఆయనే ఒక దారి చెప్పాడు. వ్యాసం నా పేరుతోనే పోవచ్చు. బొమ్మలు మాత్రం ఊళ్లో హైస్కూలు డ్రాయింగు మాస్టారు గీస్తాడు. అటెండరు గాజు పలకలు అమర్చి పెడతాడు. మాస్టారు గీసేటప్పుడు నేను ఆ గదిలో ఉండకూడదు. గీసిన పలకలు నేరుగా హెడ్డు దగ్గరికి పోయి, అక్కడి నుంచి సీలు వేసి పత్రికకు పోతాయి. ఆ బొమ్మలు చూసింది నేను, చూడటానికి పురుగును కోసింది నేను, ఇప్పుడు వాటిని చూడకూడనిదీ నేనే.

నేను సరే అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆ "సరే" అన్నందుకు నాకున్న కోపం నా మీదే, అందులో ఎవరికీ వాటా లేదు.

డ్రాయింగు మాస్టారు ముస్లిం పెద్దమనిషి. తెల్ల గడ్డం, ఇస్త్రీ షేర్వాణీ, నెమ్మదైన మాట. పెళ్లిపందిళ్ల ముఖద్వారాలకు, దర్గా గోడలకు ఆయన వేసిన తీగెల బొమ్మలు ఊళ్లో అందరికీ తెలుసు. నాలుగు రోజులు లాబ్‌లో కూర్చుని గీశాడు. ఆ నాలుగు రోజులూ నేను వరండాలో స్టూలు వేసుకుని కూర్చున్నాను, కాన్పు గది బయట కూర్చున్న మొగుడిలాగా. మధ్యమధ్య తలుపులోంచి అడిగేదాన్ని.

"మాస్టారూ, ఏమన్నా అనుమానముంటే అడగండి."

"ఏం లేదమ్మా. అంతా బాగుండాది" అనేవాడు లోపల్నుంచి.

ఏడెనిమిది నెలలకు పత్రిక వచ్చింది. స్టాఫ్‌రూములో నిలబడే విప్పాను. మొదటి పలక బాగుంది. రెండో పలక తిప్పాను. మహానంది పురుగు అంగానికి కుడి కాలు మీద ముల్లు ఉంది. ఎడమ కాలు మీద కూడా అంతే ముల్లు, అంతే వంపుతో ఉంది. మూడో పలకలో రెండు కాళ్లూ పొట్టిగా, రెండూ కొడవళ్లలా, ఎదురెదురుగా వంగి ఉన్నాయి. నీడలు ఎంత నాజూకుగా దిద్దాడంటే, ద్వారం మీద చెక్కించుకోవచ్చు. పక్క పుటలో నా రాత ఉంది, ముల్లు కుడివైపే ఉంటుందని, అదే ఈ గుంపు గుర్తు అని. రాసింది అబద్ధమో గీసింది అబద్ధమో చదివేవాడికి తెలిసే దారి లేదు.

ఆ సాయంత్రమే మాస్టారు ఇంటికి పోయాను. పత్రిక ముందు పెట్టి, ఎడమవైపు ముల్లు ఎక్కడిదని అడిగాను. అరిచాననే చెప్పాలి.

ఆయన పత్రికను దీపం దగ్గరికి జరుపుకున్నాడు. "ఒక పక్కనే ఉండాదమ్మా ముల్లు. పాపం చిన్న పురుగు, కోసేటప్పుడు రెండోది ఇరిగిపోయిందేమో అనుకున్నా. కమాను గీసినా, తీగె గీసినా, ఈ పక్కనుండేది ఆ పక్కనుండల్ల గదా. అంత పెద్ద పుస్తకంలో ఇరిగిపోయిన బొమ్మ ఏం బాగుంటాదని నేనే పెట్టినా" అన్నాడు.

"నన్నడగచ్చు గదా మాస్టారూ! నేను వాకిట్లోనే ఉంటి గదా!"

ఆయన తల వంచుకున్నాడు. "ఆ మాట ఆడపిల్లను ఎట్ల అడిగేదమ్మా?"

ఆయన్ని కడిగేయాలని పోయినదాన్ని, ఇంకేమీ అనలేకపోయాను. ఆయన విరిగినదనుకున్నదాన్ని అతికించాడు, అంతే. ఆయన్ని ఆ గదిలో, నన్ను ఈ వరండాలో కూర్చోబెట్టి మధ్యలో తలుపు మూయించింది ఎవరు? ఇంటికి పోయేటప్పుడు దారి పొడుగునా పళ్లు నూరుకుంటూనే నడిచాను.

తర్వాత విదేశం నుంచి ఉత్తరం వచ్చింది. ఈ పురుగులన్నింటికీ పట్టిక తయారు చేస్తున్న ఒక పెద్ద నిపుణుడు రాశాడు. మర్యాదగానే రాశాడు. మీ రాతకూ బొమ్మకూ పొంతన లేదు, బహుశా ఒక విరిగిన నమూనాను చూసి దాన్నే గుర్తుగా తీసుకున్నారేమో, కాబట్టి మీ గుంపుల్ని ఒప్పుకోలేను, మూడింటినీ కలిపి ఒక్క గుంపుగా రాస్తున్నాను, పట్టిక త్వరలో అచ్చుకు పోతుంది, ఈలోగా మీరు చెప్పేదేమైనా ఉంటే తెలపండి అని. నాలుగేళ్లు ఎండలో గొడుగు తిరగేసుకుని తిరిగినదాన్ని నేను. విరిగిన పురుగుకూ విరగని పురుగుకూ తేడా తెలియనిదాన్నైపోయాను. ఆ ఉత్తరం చదివి లాబ్‌లో తలుపు వేసుకుని ఏడ్చాను. దుఃఖంతో కాదు, కోపంతో.

పత్రిక సంపాదకుడికి రాశాను. సరైన పలకలు పంపితే సవరణ వేస్తానన్నాడు. కానీ మొదటి వ్యాసం లాగే ఇదీ హెడ్డు సంతకంతో రావాలన్నాడు. నేను రెండు పలకలు మళ్లీ గీశాను. ఈసారి ఎవరినీ అడగకుండా గీశాను. గీసి హెడ్డు గదికి పోయాను. ఎవరో మంత్రి కాలేజీకి వస్తున్నాడని ఆయన తోరణాల లెక్కలో ఉన్నాడు.

"మళ్లీ అదే గోలనా?" అన్నాడు, పలకల వైపు చూడకుండానే. "అచ్చయింది గదమ్మా. పేరొచ్చింది గదా. ఇంకేం కావల్ల?"

"బొమ్మ తప్పు సార్. ముల్లు కుడి పక్కనే ఉండల్ల."

"ముల్లు ఆ పక్కుంటే ఏమి, ఈ పక్కుంటే ఏమి?"

ఆయన చేతికింద ఎంతమందిమి పనిచేశామో, ఎంతమంది పిల్లలు ఆయన దగ్గర జంతుశాస్త్రం చదువుకున్నారో. ఆ మనిషి నోట ఈ మాట. నేను పలకలు ఆయన బల్ల మీదే వదిలి లాబ్‌కు పోయాను. మైక్రోస్కోపును రెండు చేతులా ఎత్తుకున్నాను. ఇత్తడిది, చంటిపిల్లంత బరువు. వరండాలో నిలబడ్డ లెక్చరర్లు పక్కకు తప్పుకున్నారు. ఆయన బల్ల మీద మంత్రిగారి కాగితాలు జరిపి, దాన్ని అక్కడే పెట్టాను. కిందనున్న అద్దాన్ని కిటికీ వైపు తిప్పాను. మహానంది మగ పురుగు అంగం ఉన్న గాజు పలక అమర్చి, కనిపించేదాకా మర తిప్పాను.

"చూడండి సార్."

"ఏందమ్మా ఇది! తలుపు తీసుండాది."

"తీసుండనీండి. ఇంతవరకూ మీరు ఒక్కసారి కూడా చూడలేదు. ఇప్పుడు చూడల్ల."

నా గొంతు వరండా చివరి దాకా వినిపించి ఉంటుంది. ఆయన మొహం ఎర్రబడింది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను, పోనీ అనుకున్నాను. ఆయన తలుపు వైపు చూశాడు, నా వైపు చూశాడు. మెల్లగా కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, వంగి గొట్టంలో కన్ను పెట్టాడు.

చాలాసేపు చూశాడు. చేయి చాపి మర తానే అటూ ఇటూ తిప్పుకున్నాడు. ఎంతైనా చదువుకున్నవాడే, ముల్లు కనపడి ఉంటుంది. తల ఎత్తినప్పుడు ఆయన మొహంలో కోపం లేదు. నిరాశ ఉంది.

"ఇంతేనా?" అన్నాడు.

మళ్లీ ఒకసారి వంగి చూసి లేచాడు.

"ఇంతేనామ్మా ఇది? నేనింకా ఏమో అనుకుంటిని."

కలం తీసి రెండు పలకల వెనకా సంతకం పెట్టాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ సవరణ సకాలంలో అచ్చయింది. ఆ నిపుణుడు తన పట్టికలో మూడు గుంపుల్నీ వేరువేరుగా చూపించాడు, అవి ఈనాటికీ అలాగే ఉన్నాయి. అదంతా తర్వాతి సంగతి. ఆ పూట నేను గెలిచానన్న ఆలోచనే నాకు రాలేదు. రెండేళ్లుగా ఈ మనిషి చూడనిదాన్ని తలచుకుని తాను సిగ్గుపడ్డాడు, నన్నూ సిగ్గుపడమన్నాడు, ఒక మంచి ముసలాయన నోరు మూయించాడు. ఇప్పుడేమో తాను ఊహించుకున్నది అక్కడ లేదని నా ముందే చిన్నబుచ్చుకుంటున్నాడు.

"ఏమనుకుంటిరి సార్?" అని అడిగాను.

ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. నేను కదలలేదు. జవాబు చెప్పేదాకా మైక్రోస్కోపు తీసేది లేదని అక్కడే నిలబడ్డాను. గంట కొట్టారు, వరండాలో పిల్లలు క్లాసులు మారారు, ఆయన తుడిచిన అద్దాలనే మళ్లీ తుడిచాడు.